వదిలేసిన మొదటి లైను

అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక షావుకారు ఉండేవాడు. కమీషన్ కొట్టు. మరీ పెద్ద షావుకారు కాదు, అలాగని చిన్నవాడూ కాదు. మునగపాక, కశింకోట, చోడవరం వైపు ఊళ్ల రైతులు ఏటా తమ బెల్లం తెచ్చి ఆయన కొట్టు ముందే దించేవారు. చెరకు నాట్ల వేళ ఆయన దగ్గర అడ్వాన్సు పట్టుకెళ్లడం, గానుగ మొదలయ్యాక దిమ్మలు తెచ్చి పాటకు పెట్టడం, వచ్చిన సొమ్ములోంచి అడ్వాన్సు కొంత కొంత జమ వేయించుకోవడం. కొత్త అమావాస్యకి నూకాంబిక జాతర వచ్చేసరికి ఎవరి లెక్క వారికి తేలిపోవాలి. తేలకపోతే ఉగాది పూట ఒకరి మొహం ఒకరు చూసుకోవడం కష్టం.

ఆ కొట్టులో ఒక ముసలి గుమాస్తా పనిచేసేవాడు. షావుకారు తండ్రి హయాం నుంచీ ఆయనే. పొడుగాటి చిట్టా పుస్తకం, రూళ్లకర్ర, చెవి మీద పెన్సిలు. పుస్తకంలో ఎనిమిది కాలమ్‌లు: లాటు నంబరు, రైతు పేరు, ఊరు, దిమ్మలు, బరువు, రేటు, బండి కూలి, అడ్వాన్సు జమ. ఈ వరసను ఎవరూ కూర్చుని ఆలోచించి పెట్టలేదు. మార్కెట్లో పొద్దుటి పని ఎలా నడుస్తుందో పుస్తకమూ అలాగే నడిచేది. బండి ఆగగానే ఎవరిది, ఏ ఊరు అని అడుగుతారు. దిమ్మలు దించి లెక్కపెడతారు. కాటా వేస్తారు. రంగు చూసి పాట పాడతారు; పసుపు తేలిన దిమ్మకు ఒక రేటు, నలుపు తిరిగినదానికి మరో రేటు. ఆ తర్వాతే కోతలు. అందులో బండి కూలి ముందు, ఎందుకంటే బండివాడు పక్కనే నిలబడి ఉంటాడు. అడ్వాన్సు ఆఖర్న, ఎందుకంటే రైతుకి అది ఆఖర్నే గుర్తొస్తుంది.

గుమాస్తాకి ఒక చాదస్తం ఉండేది. పేజీ తిప్పిన ప్రతిసారీ పైన ఎనిమిది పేర్లూ మళ్లీ రాసేవాడు. వెనక పేజీలో ఉన్నాయి కదా, ఎందుకీ వృథా సిరా అని ఎవరైనా అంటే, "పేజీ సిరిగిపోయి రోడ్డు మీద దొరికినా అదేటో అదే సెప్పుకోవాల" అనేవాడు.

షావుకారికి ఒక మేనల్లుడు. విశాఖలో కంప్యూటర్ చదువు చదివి వచ్చాడు. కుర్రాడు చురుకైనవాడు, బద్ధకం లేదు, మేనమామ కొట్టును బాగుచేయాలన్న ఆశ నిజంగానే ఉంది. లాట్లన్నీ డేటాబేస్‌లోకి ఎక్కించాడు. రైతుకి లాటు లెక్క రాసి ఇచ్చే పట్టీ ప్రింటరులోంచి వచ్చేది. ఖాతాల కోసం షావుకారు ఎప్పుడో కొన్న లెడ్జరు ప్రోగ్రాం ఒకటి విడిగా ఉంది. దానికి డేటాబేస్ భాష తెలియదు. అందుకని కుర్రాడు రోజూ సాయంత్రం డేటాబేస్‌ని ఆనాటి లాట్లు అడిగి, వచ్చినదాన్ని కామాలతో విడదీసిన సీఎస్‌వీ ఫైలుగా తీసి లెడ్జరుకు అందించేవాడు. లెడ్జరు ఆ ఫైలును పేర్లతో చదవదు, స్థానాలతో చదువుతుంది. ఏడో స్థానంలో ఉన్న అంకె బండివాడి ఖాతాలో జమ, ఎనిమిదో స్థానంలోది రైతు అడ్వాన్సు ఖాతాలో జమ. ఫైల్లో మొదటి లైను కాలమ్‌ల పేర్లు. పేర్లు అంకెలు కావు కాబట్టి లెడ్జరు వాటిని చూసి తికమకపడేది. కుర్రాడు సెట్టింగుల్లోకి వెళ్లి, "మొదటి లైను వదిలెయ్" అన్న గడిలో టిక్కు పెట్టాడు. గొడవ వదిలింది.

డిసెంబరంతా బాగా నడిచింది. గుమాస్తా కూడా నెమ్మదిగా పుస్తకం మూసి, కుర్రాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు.

సంక్రాంతి సెలవుల్లో పాత కంప్యూటరు చచ్చిపోయింది. కుర్రాడు కొత్తది కొని, డేటాబేస్‌లో టేబుల్ మళ్లీ కట్టాడు. గుర్తున్నంతవరకు కాలమ్‌లు రాసుకుంటూ పోయాడు: లాటు, పేరు, ఊరు, దిమ్మలు, బరువు, రేటు, అడ్వాన్సు. బండి కూలి మరిచిపోయాడు. మర్నాడు మొదటి పట్టీ తీయబోతే ప్రోగ్రాం మొరాయించింది. ఓహో ఇదా అనుకుని, ఒక్క లైను ఆజ్ఞతో ఆ కాలమ్ చేర్చాడు. అలా తర్వాత చేర్చిన కాలమ్ ఎక్కడికి పోతుంది? ప్రత్యేకంగా చెప్పకపోతే అన్నిటికన్నా చివరికి పోతుంది. పట్టీలు చక్కగా వచ్చాయి, ఎందుకంటే పట్టీ తీసే ప్రోగ్రాం ప్రతి అంకెనూ దాని పేరుతో అడుగుతుంది. ఫైలు తీసే ప్రశ్న మాత్రం పాతదే, పొట్టిది: ఈ టేబుల్లో ఉన్నవన్నీ ఇవ్వు. డేటాబేస్ ఉన్నవన్నీ ఇచ్చింది, ఉన్న వరసలో.

ఆ రోజు నుంచి ఏడో స్థానంలో అడ్వాన్సు, ఎనిమిదో స్థానంలో బండి కూలి. లెడ్జరుకు మాత్రం ఏడోది బండివాడిదే, ఎనిమిదోది రైతుదే.

సాయంత్రం లెక్క సరిపోయింది. ఒక లాటు అయిదు క్వింటాళ్లు, రేటు నాలుగు వేలు, మొత్తం ఇరవై వేలు అనుకోండి. బండి కూలి 500, అడ్వాన్సు 3,000. కోతలు 3,500, రైతు చేతికి 16,500. మిగతా చిల్లర ఖర్చులు పక్కన పెడదాం. ఇప్పుడు ఆ రెండు అంకెలూ స్థానాలు మార్చుకున్నాయి. కోతలు? అవే 3,500. రైతు చేతికి? అదే 16,500. బ్యాంకులో పడిన సొమ్ములో పైసా తేడా లేదు. కుర్రాడు రోజూ అడుగున ఉన్న మొత్తం చూసి, పట్టీల మొత్తంతో పోల్చి, తృప్తిగా కంప్యూటరు కట్టేసి ఇంటికి పోయేవాడు. అంత శ్రద్ధగా సరిచూసుకునే కుర్రాడు ఆ వీధిలో ఇంకొకడు లేడు.

బండివాడికీ, అంటే ట్రాక్టరు తోలేవాడికీ, తెలియలేదు. వాడు రోజువారీ డబ్బు తీసుకోడు. డీజిలుకు ఎంత కావాలో అంత పట్టుకెళ్లి, మిగతాది సీజను చివర లెక్క చూసుకునేవాడు.

జాతర ముందు లెక్కలు మొదలయ్యాయి. మునగపాక ముసలామె ఒకామె వచ్చి బెంచీ చివర కూర్చుంది. ఆమె తీసుకున్న అడ్వాన్సు ముప్పై వేలు. పది లాట్లు తెచ్చింది, ప్రతి లాటులోనూ మూడు వేలు కోయించుకుంది.

"అమ్మా, నీది ఇంకా పదిహేను వేలు ఉంది" అన్నాడు షావుకారు తెర చూసి.

"ఏటి బాబూ ఉన్నది? పది పట్టీలకి మూడేసి వేలు కోసుకున్నారు గదా. మొత్తం కట్టీసేను." ఆమె కొంగు ముడి విప్పలేదు, సంచిలోంచి పాలిథీన్ కవరు తీసింది. పది పట్టీలూ తేదీల వరసలో ఉన్నాయి. ఒకదాని మీద బెల్లపు మరక.

మేనల్లుడు పట్టీలు తీసుకుని చూశాడు. లెడ్జరు చూశాడు. "రోజూ సాయంత్రం పైసాతో సహా సరిపోయింది మావయ్యా. ఎక్కడా తేడా లేదు" అన్నాడు. నిజమే చెప్పాడు.

తేడా లేదంటే పదిహేను వేలు ఎక్కడికి పోయినట్టు? షావుకారు ఖాతాలు ఒక్కొక్కటే తెరిచాడు. ట్రాక్టరువాడి ఖాతా తెరిచేసరికి కళ్లు పెద్దవయ్యాయి. వాడికి సీజనంతా తోలినా రాని సొమ్ము అందులో జమ పడి ఉంది. ముసలామె దగ్గర తగ్గిన పదిహేను వేలూ అక్కడున్నాయి, ఇంకా చాలామంది రైతుల అడ్వాన్సులూ ఉన్నాయి. ట్రాక్టరువాడిది గుమాస్తా ఊరే. ఇద్దరూ కలిసి టీ తాగుతారు.

మనిషి అనుమానం ఎటు పారుతుందో చూడండి. కంప్యూటరు మీదికి పోలేదు, దాన్ని ఆడించే మేనల్లుడి మీదికి పోలేదు. బండి తోలేవాడి మీదికి, జీతగాడి మీదికి పోయింది. ట్రాక్టరువాడికి ఆ సాయంత్రమే కబురు వెళ్లింది, రేపట్నుంచి రావద్దని. గుమాస్తాతో షావుకారు ఏమీ అనలేదు. చెయ్యి మాత్రం చాచాడు. గుమాస్తా మొలలోంచి ఇనప్పెట్టె తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టి, వెళ్లిపోకుండా అక్కడే నిలబడి, కుర్రాడి వైపు తిరిగాడు.

"ఒరే బాబూ, ఇందులోంచి అందులోకి రోజూ ఏటో పంపుతున్నావు గదా. ఆ పంపేది కాయితం మీద తీసి సూపించు. దిసెంబరుది ఒకటి, ఈ నెల్లోది ఒకటి."

రెండు కాగితాలు వచ్చాయి. గుమాస్తా వాటిని పక్కపక్కన పరిచి, రూళ్లకర్ర అడ్డం పెట్టి, రెండు వేళ్లతో ఒక్కొక్క కాలమే దాటుతూ పోయాడు. లాటు, పేరు, ఊరు, దిమ్మలు, బరువు, రేటు. రెండు వేళ్లూ రెండు కాగితాల మీద సమానంగా కదిలాయి. ఏడో దాని దగ్గర ఆగాయి. డిసెంబరు కాగితంలో కుడివైపు 500, 3,000. ఈ నెల కాగితంలో 3,000, 500. రూళ్లకర్రను పైకి జరిపాడు, మొదటి లైను దాకా. అక్కడ, అచ్చు గుద్దినట్టు, ఏడో కాలమ్ మీద అడ్వాన్సు అని, ఎనిమిదో దాని మీద బండి కూలి అని ఉంది.

"ఇది నిజమే సెప్తంది గదరా" అన్నాడు గుమాస్తా. "మరి ఈ లైను లెడ్జరు సూడదా?"

కుర్రాడి మొహం పాలిపోయింది. "దాన్ని... వదిలెయ్యమని పెట్టాను తాతా."

కొట్టులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ముసలామె మాత్రం, "అయితే నాది తీరిపోయినట్టేనా?" అని అడిగింది.

షావుకారు మర్నాడు పొద్దున్నే స్వయంగా ట్రాక్టరువాడి ఇంటికి వెళ్లాడంటారు. ఏం మాట్లాడాడో తెలియదు. వాడు ఆ ఏడు మళ్లీ బండి తోలాడు గానీ, డీజిలు డబ్బు తీసుకున్న ప్రతిసారీ చీటీ రాయించుకోవడం మొదలుపెట్టాడు. గుమాస్తా తాళాలు తిరిగి మొలలో పెట్టుకున్నాడు. కుర్రాడు తప్పుడు పద్దులన్నీ లెడ్జర్లోంచి తుడిచేసి కొత్తగా ఎక్కిస్తానంటే ఒప్పుకోలేదు. "సెరిపీకు. ప్రతిదానికీ ఎదురు పద్దు రాయి. ఏటి జరిగిందో రేపు సూసినోడికి తెలియాల" అన్నాడు. జాతర అయిపోయినా ఆ పద్దులు అవుతూనే ఉన్నాయి.

*

నీతి: మొత్తాలు కలిశాయంటే కాలమ్‌లు కలిసినట్టు కాదు. పంపేవాడు ఏది కావాలో పేరు పెట్టి అడగాలి, అందుకునేవాడు పేరు చూసి పుచ్చుకోవాలి.

కుర్రాడికి మనసులో దురుద్దేశం లేదు, పనిలో అశ్రద్ధ కూడా లేదు. అతను చేసిన సరిచూపుకే కళ్లు లేవు. కూడికకు వరస పట్టదు. 500కి 3,000 కలిపినా, 3,000కి 500 కలిపినా ఒకటే. గుణకారమూ అంతే. బరువు, రేటు కాలమ్‌లు తారుమారై, అయిదు క్వింటాళ్లు నాలుగు వేల క్వింటాళ్లై, రేటు అయిదు రూపాయలైనా లాటు విలువ ఇరవై వేలే వస్తుంది. కామర్స్ విద్యార్థులకు ఇది కొత్త సంగతి కాదు: సరైన సొమ్ము తప్పు ఖాతాలో పడితే ట్రయల్ బ్యాలెన్స్ నిక్షేపంగా కుదురుతుంది. అంకెల కాలమ్‌లో పేరు పడితే యంత్రమే అరిచి గోల చేస్తుంది. అంకెల కాలమ్‌లో ఇంకో అంకె పడితే ఎవరూ అరవరు. మన ఫైళ్లలో ప్రమాదమంతా ఇలా ఒకే పోలికతో పక్కపక్కన కూర్చున్న కాలమ్‌ల దగ్గరే ఉంది: పుట్టిన తేదీ, చేరిన తేదీ, అసలు, వడ్డీ, ఇంటి పేరు, తండ్రి పేరు.

అసలు ఈ చిక్కు రిలేషనల్ డేటాబేస్‌ల పుట్టుకతోనే వచ్చింది. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970 జూన్‌లో రిలేషనల్ పద్ధతిని ప్రతిపాదించిన వ్యాసంలోనే దీని గురించి ఆలోచించాడు. గణితంలో రిలేషన్ అంటే కాలమ్‌లకు వరస ఉన్న వస్తువే. కానీ ఆచరణలో ముప్పై కాలమ్‌లున్న పట్టికలు మామూలే కదా, వాటిలో ఏది ఎన్నోదో గుర్తుపెట్టుకునే భారం వాడేవాళ్ల మీద వేయకూడదు, కాలమ్‌ను పేరుతోనే పిలవాలి, వరసకు అర్థం ఉండకూడదు అన్నాడు. తర్వాత అదే ఐబీఎంలో పుట్టిన డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్ ఆ మాట సగమే విన్నది. పేర్లు తీసుకుంది, వరసనూ ఉంచుకుంది. టేబుల్లో మొదటి కాలమ్, రెండో కాలమ్ అన్న లెక్క ఎస్‌క్యూఎల్‌లో నిజంగా ఉంది. సెలెక్ట్ తర్వాత ఒక్క నక్షత్రం పెడితే, అంటే కుర్రాడిలా ఉన్నవన్నీ ఇవ్వు అని అడిగితే, ఆ లెక్క ప్రకారమే ఇస్తుంది. పేర్లు రాయకుండా ఇన్సర్ట్ చేస్తే ఆ లెక్క ప్రకారమే పుచ్చుకుంటుంది. రిలేషనల్ పద్ధతిని కచ్చితంగా పట్టుకున్న క్రిస్ డేట్ లాంటివాళ్లు దీన్ని ఏళ్ల తరబడి తిడుతూనే వచ్చారు. నాకైతే వాళ్ల కోపం సిద్ధాంతంగా సబబే గానీ, కొట్టులో కూర్చునేవాడికి వరస కావాలి. కాగితం మీద కాలమ్‌లు ఎడమ నుంచి కుడికి ఉండక తప్పదు. రోజుకో వరసలో వచ్చే చిట్టాను ఏ గుమాస్తా చదువుతాడు? వరస ఉండటం తప్పు కాదు. ఆ వరస ఎవరి నిర్ణయమో ఎవరికీ తెలియకపోవడం తప్పు.

కథలో కుర్రాడు మరిచిపోయిన కాలమ్ చివరికి పోయింది. ఇది ఏ డేటాబేస్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో అయితే అంతే, మధ్యలో దూర్చే వీలు లేదు. మైఎస్‌క్యూఎల్‌లో ఫలానా కాలమ్ తర్వాత అని చెప్పి చేర్చవచ్చు. ఈ వీలును చూసి చాలామంది టేబుల్ వరసనే సరిచేయబోతారు. అది వ్యర్థ ప్రయాస. ఇవాళ సరిచేసిన టేబుల్‌ను రేపు ఇంకొకరు మళ్లీ కడతారు. సరిచేయాల్సింది ప్రశ్నను. నక్షత్రం తీసేసి ఎనిమిది పేర్లూ కావలసిన వరసలో రాస్తే, టేబుల్ కింద ఎన్ని తలకిందులైనా ఫైలు మారదు. ఎనిమిది పేర్లు టైపు చేయడానికి పట్టే సమయం ఎంత? గుమాస్తా ప్రతి పేజీ మీదా రాసేవాడు, చేత్తో.

ప్రశ్న సరిగా అడిగినా దారిలో వరస చెదిరే చోట్లు ఇంకా ఉన్నాయి. డేటాబేస్ ఇచ్చిన ఒక్కో పద్దును చాలా ప్రోగ్రాంలు పేరు–విలువ జతలుగా ఒక సంచిలో వేసుకుని, మళ్లీ బయటికి తీసి ఫైలు రాస్తాయి. ఆ సంచికి వరస గుర్తుంటుందా అన్నది భాషను బట్టి ఉంటుంది. పైథాన్‌లో 2018లో వచ్చిన 3.7 నుంచి మాత్రమే వేసిన వరసలోనే బయటికి వస్తాయన్న హామీ ఉంది. పవర్‌షెల్‌లో మామూలు సంచికి ఆ హామీ లేదు. వరస కావాలంటే ఆర్డర్డ్ అని ప్రత్యేకంగా అడగాలి. డేటా పంపుకోవడానికి వాడే జేసన్ ప్రమాణం ఒక వస్తువులోని జతలకు వరస లేదనే చెబుతుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ జేసన్‌ను జేసన్‌బీ రూపంలో దాచుకునేటప్పుడు పేర్లను ముందు పొడవును బట్టి, తర్వాత అక్షరాలను బట్టి సర్దుకుంటుంది. అంటే ఇంగ్లీషులో రేట్ అని నాలుగక్షరాల పేరున్న కాలమ్, అడ్వాన్స్ అని ఏడక్షరాల పేరున్న కాలమ్ కంటే ఎప్పుడూ ముందే వస్తుంది. దానికి మార్కెట్ పనితో సంబంధం లేదు, పేరు పొట్టిది కావడమే కారణం. గో భాష చేసింది మాత్రం నాకు నచ్చింది. అందులో మ్యాప్‌లోంచి ఒక్కొక్కటే తీస్తుంటే వరసను కావాలనే కలగాపులగం చేస్తుంది. పదిసార్లు పరీక్షిస్తే పదిరకాలుగా రావచ్చు. హామీ లేని వరస మీద ఎవరూ పొరపాటున కూడా ఆధారపడకుండా ముందే తలుపు మూయడం అది. డిసెంబరంతా బాగా నడిచి సంక్రాంతి తర్వాత చెడిపోయే ఏర్పాటు కంటే, మొదటి రోజే చెడిపోయేది ఎంతో మేలు.

ఇవన్నీ ప్రోగ్రాం రాసేవాళ్ల బాధలు అనుకునేవారు తమ ఎక్సెల్ షీటు ఒకసారి తెరిచి చూసుకోవచ్చు. వీ లుకప్ సూత్రంలో ఏ కాలమ్ కావాలో ఒక అంకెతో చెబుతాం, అయిదోదనో ఏడోదనో. మధ్యలో ఎవరో ఒక కాలమ్ చొప్పించగానే ఏడోది ఎనిమిదోది అవుతుంది, సూత్రం మాత్రం ఏడోదాన్నే తెచ్చి పెడుతూ ఉంటుంది. జీతాల షీట్లు, మార్కుల షీట్లు ఇలా తప్పినవి ఆఫీసుల్లో పనిచేసే ఎవరినడిగినా చెబుతారు.

ఇక అందుకునే వైపు. సీఎస్‌వీ ఫైళ్ల గురించి 2005లో రాసుకున్న ఆర్‌ఎఫ్‌సీ 4180 పత్రం, మొదటి లైనులో పేర్లు ఉండవచ్చు, లేకపోనూవచ్చు అని ఊరుకుంది. మైఎస్‌క్యూఎల్ ఇంటూ అవుట్‌ఫైల్ అన్న ఆజ్ఞతో తీసే ఫైల్లో పేర్ల లైను అసలే రాదు. ఈ మొదటి లైనును అలంకారంగా చూడటం వల్లే లెడ్జరు ప్రోగ్రాంలలో దాన్ని వదిలెయ్యడానికి ఒక టిక్కు పెట్టారు. కథలో నిజం మొత్తం ఆ లైనులోనే ఉంది. యంత్రం రోజూ సాయంత్రం దాన్ని రాసి ఇచ్చింది, రోజూ దాన్ని దాటుకుని పోయారు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో కూడా చాలాకాలం ఇదే తంతు, ఫైలు లోపలికి ఎక్కించేటప్పుడు హెడర్ అంటే మొదటి లైను వదిలెయ్ అని మాత్రమే అర్థం. 2022లో వచ్చిన 15వ వెర్షన్‌లో హెడర్ మ్యాచ్ అని ఒక ఏర్పాటు చేర్చారు. ఫైల్లోని పేర్లు, టేబుల్లోని పేర్లు అదే వరసలో కలవకపోతే ఒక్క లాటు కూడా లోపలికి పోదు. ఫైలు మొత్తాన్ని తిప్పికొడుతుంది. ఆ సాయంత్రం కొట్టు కట్టేయడం ఆలస్యమవుతుంది, అంతే. ట్రాక్టరువాడి ఇంటికి కబురు వెళ్లదు.

పాత లెడ్జరు ప్రోగ్రాంకు ఆ తెలివి లేకపోతే, దానికి అందించే ముందు కుర్రాడే ఒక చిన్న పని చేయవచ్చు. ఫైల్లో మొదటి లైను తీసి, ఉండాల్సిన ఎనిమిది పేర్లతో అక్షరం అక్షరం పోల్చి, తేడా ఉంటే ఆపేయడం. పైథాన్‌లో రెండు మూడు లైన్ల పని. దాంతోపాటు, టేబుల్‌ని గానీ కంప్యూటరుని గానీ ముట్టుకున్న ప్రతిసారీ ఒక ఉత్తుత్తి లాటు పంపి చూడాలి. అందులో దిమ్మలు 4, బరువు 5, రేటు 6, బండి కూలి 7 రూపాయలు, అడ్వాన్సు 8 రూపాయలు. ఏ స్థానానికి ఆ అంకె, ఏ రెండూ ఒకటి కాకుండా. ఎక్కించాక లెడ్జరు తెరిచి, మొత్తం జోలికి పోకుండా, ట్రాక్టరు ఖాతాలో 7 పడిందా అని చూడాలి. 8 పడితే అక్కడితో ఆపాలి. 7 పడితే ఆ లాటుకు ఎదురు పద్దు రాసి కొట్టేసి, అప్పుడు ఆనాటి ఫైలు ఎక్కించాలి.